నీరు త్రాగని నేల: తడిమందు ముందా, చెరువుమన్ను ముందా?

పైరు వాడినచో నీరు చాలలేదనుకొనుట రైతునకు సహజము. నీరు పెట్టిన పిమ్మటను వాడినచో, ఇంకను పెట్టవలెననుకొనుటయు సహజమే. కాని ఎంత నీరు పెట్టినను దానిని లోనికి రానీయని నేల యొకటి కలదు. తామరాకుపై నీటిబొట్టు నిలిచినట్లు ఆ నేలపై నీరు బొట్లు బొట్లుగా నిలిచి, పల్లమువైపునకు దొరలిపోవును. పైకి తడిసినట్లే కనబడును. వ్రేలితో గీరి చూచినచో క్రింద పొడి యిసుక. అట్టి నేలపై పెట్టిన నీరు బూడిదలో పోసిన పన్నీరే. నీరు లేక కాదు, నేల త్రాగక పైరు ఎండుచున్నదని మనము గుర్తింపనంతకాలము మోటారు తిరుగుచునే యుండును, కరెంటు ఖర్చగుచునే యుండును, పైరు ఎండుచునే యుండును.

ఈ సంగతి నిప్పుడు చర్చించుటకు కారణము కలదు. పచ్చికను పెంచి, పలకలుగా కోసి, ఇండ్ల తోటలకును, ఆటస్థలములకును అమ్మెడు రైతులు నేడు మనలో నున్నారు. ఇసుకనేలలో పచ్చిక మచ్చలు మచ్చలుగా ఎండినప్పుడు, దుకాణమువారు వారికి తడిమందు సీసాలు చూపుదురు. వానిని సంఘము ద్వారా అప్పుమీద తెప్పింపవలెనని కోరువారును గలరు. తడిమందు మోసమని నేననను. అది పనిచేయును. అయినను, చుక్కపరీక్ష లేనిదే దానికై సంఘపు సొమ్ము ఈయరాదనియు, పచ్చిక కోసిన పిమ్మట ఖాళీపడిన నేలకు చెరువు పూడికమన్ను తోలించుటకే ముందుగా సాయము చేయవలెననియు నా నిశ్చితాభిప్రాయము. అందులకు కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాను.

మొదట ఈ దోషమెట్లు పుట్టునో తెలిసికొందము. ఆకులు, వేళ్లు, పీచు కుళ్లినపుడు వానిలోని మైనమువంటి పదార్థము నేలలో మిగులును. నేలలో నల్లుకొను బూజుతీగలును అట్టిదానినే విడుచును. ఈ మైనము ఇసుకరేణువులపై సన్నని పూతగా పట్టును. మైనము పూసిన రేణువునకు నీరంటదు. బంకమన్నుకంటె ఇసుకకే ఈ వ్యాధి యెక్కువగా వచ్చుటకు హేతువు సులభము. ఇసుకరేణువు పెద్దది, బంకమన్ను రేణువు కంటికి కానరానంత సూక్ష్మము. ఒకే తూకము గల రెండు మన్నులలో, ఇసుక రేణువుల పైతలమంతయు కలిపినను స్వల్పము. బంకమన్ను రేణువుల పైతలము దానికి అనేకరెట్లు. చిన్న గోడకు కొద్ది సున్నముతోనే వెల్లవేయవచ్చును. కోటగోడకు అది చాలదు. అట్లే ఇసుకకంతకును పూతపట్టుటకు కొద్ది మైనమే చాలును.

మఱియొక విశేషము గలదు. ఈ నేల తేమగా నున్నంతకాలము దోషము బయటపడదు. ఒకసారి పూర్తిగా ఎండినదా, మరల నీటిని త్రోసివేయును. కావుననే వేసవి చివరను, తొలకరి వానలలోను ఈ దోషము తీవ్రముగా కనబడును. రైతు ఎదురుచూచిన వాన కురియును. నేల దానిని నిరాకరించును.

ఇది కొత్తగా పుట్టిన వ్యాధి కాదు. 1910లోనే అమెరికా వ్యవసాయశాఖవారు కాలిఫోర్నియాలో నీటికి తడియని నేలను గూర్చి వ్రాసియుండిరి. 1940 ప్రాంతములలో ఫ్లారిడాలోని నారింజజాతి తోటల ఇసుకనేలలలో ఇదియే కనబడినది. 1968లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడు నగరమున ఈ యొక్క విషయమునకే పండితులు సభచేసిరి. గోల్ఫు ఆటకై ఇసుకపై పెంచెడు పచ్చికలో ఎండుమచ్చలను 1978లో పరిశోధించి, విల్కిన్సన్, మిల్లర్ అనువారు ఇసుకరేణువులపై సేంద్రియపు పూతను కనుగొనిరి. ఆటపచ్చిక మీద ధనము వెచ్చించువారు అధికులగుటచే, దీనికి చికిత్సలు వెదకుటలో పచ్చికవారే ముందుగా నడచిరి. వారి వలన మనము నేర్వదగినది చాల గలదు. కాని వారి స్థితి వేరు, మన స్థితి వేరు అను మాట మరువరాదు. దానిని ముందు చెప్పెదను.

దోషపు లక్షణములివి. పచ్చిక అంతయు నొకేసారి వాడక, వంకర టింకర మచ్చలుగా వాడును. పచ్చని వన్నె తగ్గి బూడిదవన్నె నీలిచాయ పొడసూపును. కాలు మోపినచోట గడ్డి వెంటనే లేవక అడుగుజాడ నిలిచిపోవును. ఎండినచోటికి జానెడు దూరముననే పచ్చిక పచ్చగా నుండవచ్చును. ఒక్కొక్కప్పుడు వానల పిమ్మట పుట్టగొడుగులు వలయముగా లేచి, ఆ వలయము పొడవున గడ్డి యెండును. అచ్చట నేలలోపల బూజుతీగలు దట్టముగా నల్లుకొన్నవని తెలియవలెను.

లక్షణములు అనుమానమునకు మాత్రమే చాలును. నిర్ణయమునకు పరీక్ష కావలెను. ఈ పరీక్షకు ఖర్చులేదు. ఎండుమచ్చలోనుండి నాలుగంగుళముల లోతుగా మన్నుదిమ్మను చెదరకుండ తీసి, రెండు మూడు దినములు నీడలో ఆరబెట్టవలెను. దానిని ప్రక్కకు పరుండబెట్టి, పైనుండి క్రిందివరకు అర అంగుళమున కొకచోట నీటిచుక్క వేసి, గడియారము చూడవలెను. చుక్క అయిదు సెకండ్లలోపల ఇంకినచో నేలకు ఈ దోషము లేదు. అయిదు సెకండ్లకు పైబడి నిమిషములోపల నైనచో దోషము స్వల్పము. ఒక నిమిషమునకు మించి పది నిమిషములలోపల నైనచో దోషము గట్టిది. పది నిమిషములు గడచినను చుక్క ముత్యమువలె నిలిచియున్నచో తీవ్రమని యెరుగవలెను. ఏ లోతువరకు చుక్క నిలుచునో ఆ లోతువరకే వ్యాధి యని గుర్తు. పచ్చికలో నిది తరచుగా పైరెండంగుళములకు లోబడియే యుండును.

పరీక్ష లేక వైద్యమేల కూడదనగా, నీరు నిలుచుటకు వేరు కారణములును గలవు. ఎఱ్ఱనేల వానకు పెచ్చుకట్టి గట్టిపడును. బండ్లు, ట్రాక్టర్లు త్రొక్కిన నేల అణగిపోవును. చౌడుపట్టిన నేలలో నీరు దినములకొలది నిలిచి బురదనీరగును. ఈ మూడింటికిని తడిమందు వ్యర్థము. పెచ్చునకు పైపాటు దున్నకము, అణగినదానికి గుల్లచేయుట, కారచౌడునకు జిప్సము తగిన చికిత్సలు. భేదము తెలిసికొనుటకు సులభమార్గమొకటి గలదు. ఆరిన మన్నును చేతితో నలిపి పొడిచేసి చుక్క వేయుడు. పెచ్చుకట్టిన మన్నైనను, అణగిన మన్నైనను పొడిచేసిన తోడనే చుక్కను పీల్చును. మైనము పట్టిన ఇసుక పొడిచేసినను పీల్చదు. రోగమొకటి, మందొకటి కాకుండుటకు ఈ చిన్నపని చాలును.

ఇక తడిమందు సంగతి. దీని అణువునకు ఒకకొన మైనమును అంటుకొనును, మఱియొకకొన నీటిని పట్టును. రెండింటికిని మధ్యవర్తియై యది నీటిని రేణువునకు చేర్చును. గోల్ఫు పచ్చికవారు దీనిని వాడుటకు గట్టి కారణము గలదు. వారి పచ్చిక సంవత్సరములకొలది అచ్చటనే యుండవలెను. వాన వెలిసిన వెంటనే ఆట సాగుటకు నీరు త్వరగా దిగిపోవలెను. కావున వారు ఇసుకలో బంకమన్ను కలుపలేరు. మార్గాంతరము లేనివానికి తడిమందు మంచి మార్గమే. కాని దాని ప్రభావము కొన్ని వారములో, కొన్ని నెలలో నిలిచి తరుగును, మరల వేయవలెను. మైనపుపూత మాత్రము పోదు. చల్లిన వెంటనే నీరు పెట్టి లోనికి దింపనిచో ఆకు మాడవచ్చును. పురుగుమందులలో ఆకునకంటుటకై కలిపెడు జిగురుమందు ఇది కాదు. ఆ పేరుతో దానిని కొని నేలపై పోయరాదు. బట్టల సబ్బుపొడి కలిపి పోయుట అంతకంటెను కూడనిపని. అందలి సోడాక్షారము నేలకును వేరునకును చెరుపు చేయును.

పచ్చిక అమ్మెడు రైతు స్థితి ఇందులకు భిన్నము. అతని నేల ప్రతికోతకును ఖాళీ యగుచున్నది. గోల్ఫువారికి దొరకని యవకాశము అతనికి దొరకుచున్నది. అంతేకాదు, పలకను కోసినపుడు గడ్డితోపాటు వేరునంటియున్న మన్నును కొంత పోవును. లెక్క చూతము. ఎకరమునకు పావు అంగుళము మన్ను పోయినదనుకొన్నను, అది సుమారు 38 టన్నులగును. మనము పచ్చికను మాత్రమే అమ్ముచున్నామనుకొనుచు నేలను గూడ అమ్ముచున్నాము. తడిమందు సీసా ఈ లోటును పూడ్చలేదు. చెరువుమన్ను లోటును పూడ్చును, దోషమును మాన్పును. రెండు పనులు చేయు మందు నొకటి విడిచి, ఒకపనియైనను కొన్ని నెలలే చేయు మందునకు అప్పుచేయుట లాభమగునా యని సభ్యులు యోచింపవలెను.

ఇసుకకు బంకమన్ను కలిపిన నీరు త్రాగునని చెప్పుట ఊహ కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇట్టి దోషమునకు లోనగు నేల సుమారు ఒక కోటి హెక్టార్లని యచ్చటివారు లెక్కించియున్నారు. అచ్చటను, దక్షిణ ఆస్ట్రేలియాలోను గోధుమ, బార్లీ పండించెడు రైతులు క్రిందిపొరలోని బంకమన్నును త్రవ్వి, హెక్టారునకు నూరుటన్నులకు పైబడి పైని పరచి కలిపిరి. సూక్ష్మమైన బంకరేణువులు మైనము పట్టిన ఇసుకరేణువులను కప్పి, నీరు పట్టుటకు క్రొత్త తలము నిచ్చును. ఆ ఫలము ఒక పంటతో పోక అనేక సంవత్సరములు నిలిచినది.

మనకిది పరదేశపు విద్యగా తోచనక్కరలేదు. వేసవిలో చెరువు ఎండినపుడు పూడికను బండ్లతో తోలి ఇసుకనేలకును, చల్కనేలకును పోయుట మన పెద్దల వాడుక. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ ఆరంభమైనపుడు చెరువుల పూడికను ప్రభుత్వము తీయించగా, రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. పెద్దలు సారమునకై చేసిన పనిని మనము నీరు త్రాగించుటకును చేయుదము. ఇందు క్రొత్త యంతయే.

ఎంత మన్ను కావలెను? ఎకరములో నాలుగంగుళముల లోతు మన్ను సుమారు 600 టన్నులుండును. దానిలో బంకపాలు నూటికి మూడు పెంచవలెనన్న 18 టన్నుల బంక కావలెను. చెరువుమన్నులో నూటికి నలుబదిపాళ్లు బంకయున్నచో 45 టన్నులు తోలవలెను. మూడుటన్నులు పట్టు ట్రాలీతో పదునైదు ట్రాలీలు. సెంటునకు నాలుగున్నర క్వింటాళ్లు. అయినను అన్ని చెరువుల మన్ను ఒకటి కాదు. ఒకదానిలో బంక యెక్కువ, ఒకదానిలో ఇసుక యెక్కువ. బంకలలోను జాతిభేదము గలదు. ఒకటి త్వరగా పనిచేయును, ఒకటి నిదానించును. కావున ట్రాలీ కట్టకముందే ఇంటివద్ద చిన్నపరీక్ష చేయవలెను. దోషపునేల పొడి 13 గిద్దలకు నలిపిన చెరువుమన్ను 1 గిద్ద కలిపి, బాగుగా తడిపి యెండబెట్టి, మరల తడిపి యెండబెట్టి, చుక్క వేయవలెను. చుక్క దిగినచో ఆ చెరువు మనకు పనికివచ్చును. దిగనిచో మఱియొక చెరువుమన్నును చూడవలెను. పిమ్మట నొక సెంటులో పోసి చూచి, ఆ తరువాతనే ఎకరమునకు పోవలెను.

మన్నును పైపైన పరచి వదలినచో అది పెచ్చుకట్టి, మునుపటికంటె కీడు చేయును. పొడిగా నున్నప్పుడు గడ్డలు చితుకగొట్టి, సమముగా చల్లి, దోషమున్న లోతంతయు కలియునట్లు రెండుమారులు అడ్డముగను నిలువుగను దున్నవలెను. నీరు పెట్టి ఆరనిచ్చి, మరల నీరు పెట్టిన పిమ్మట పచ్చిక నాటుట మేలు. తడియుట, ఆరుట అను ఈ మార్పులవలన బంక ఇసుకలో చక్కగా సర్దుకొనును.

ఇప్పటికే పెరిగియున్న పచ్చికకు ఏమి చేయవలెనందురేమో. దానిపై బంకమన్ను పొరగా పోయరాదు. ఇసుకపై బంకపొర నీటిని దిగనీయదు. ముందు గడ్డిమొదట పేరుకొన్న పీచుపొరను దంతెతో లాగి తీయవలెను; అది అర అంగుళమునకు మించనీయరాదు. మూడునాలుగంగుళముల లోతునకు బోలుకడ్డీతో దగ్గర దగ్గరగా రంధ్రములు చేయవలెను. ఒకేసారి నీరు ముంచక, కొంచెము పెట్టి ఆపి, ఇంకిన పిమ్మట మరల కొంచెము పెట్టవలెను. ఒకమారు తడిసిన నేలను కోతవరకు పూర్తిగా ఎండనీయరాదు. ఇవన్నియు చేసినను చుక్క పది నిమిషములు నిలుచుచున్నచో, కోత దగ్గరపడిన పచ్చికను కాపాడుటకు ఆ మచ్చలవరకే తడిమందు వాడవచ్చును. అది ఆ పంటను గట్టెక్కించును. నేలను మాత్రము కోత పిమ్మట చెరువుమన్నే బాగుచేయవలెను.

ఇందులకు ఆక్షేపణలు గలవు. చెరువుమన్నుతో తుంగగడ్డలు వచ్చును, పచ్చికలో తుంగ పడినచో కొనువాడుండడని అనుభవజ్ఞులందురు. ఇది సత్యము; దీనిని తేలికగా త్రోసివేయరాదు. గట్టుప్రక్క పైపొరను విడిచి, చెరువు నడుమ లోపలిపొర మన్నునే తీయవలెను. పొలమున కలిపి నీరు పెట్టి, మొలచిన తుంగను రెండుమారులు గడ్డలతో సహా తీసివేసిన తరువాతనే నాటవలెను. ఈ నెలదినముల ఓపికలేనివాడు చెరువుమన్ను తోలకుండుటయే మంచిది. ఉప్పు తగిలిన మన్నును కీడే. తోలకముందు భూసార పరీక్షకు పంపవలెను. తోలకపు ఖర్చు అధికమని రెండవ యాక్షేపణ. దూరము మించినచో నిజమే. అందుచేతనే ఒకరొకరుగా కాక సంఘముగా చేయుట మంచిదనుచున్నాను.

పచ్చిక పెంచనివారికి ఈ వ్యాసముతో పనిలేదనుకొనరాదు. బాపట్ల, చీరాల ప్రాంతముల సముద్రతీరపు ఇసుకలో సరుగుడు, జీడిమామిడి, వేరుసెనగ పండించువారు గలరు. చెట్లక్రింద ఆకులు సంవత్సరములకొలది రాలి కుళ్లిన ఇసుకలో చుక్కపరీక్ష తప్పక చేయదగినది. ముఖ్యముగా తోటను కొట్టి క్రొత్తపైరు వేయునపుడు. అచ్చటి రైతులకు దొరువుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇసుకలో తేలుచున్న మంచినీటికి క్రింద ఉప్పునీరు కాచుకొనియున్నది. దొరువునుండి అధికముగా తోడినచో ఉప్పు పైకి వచ్చును. నేల త్రాగలేదని తెలియక, చాలలేదని మరల మరల తోడినవాడు ఒక పైరును బ్రతికింపబోయి దొరువునే చెరుపుకొనును. అంతియకాక, ఇట్టి ఇసుకలో లోనికి దిగిన నీరును అంతట సమముగా దిగక, కొన్ని సన్నని దారులవెంట నిలువుగా జారిపోవునని నెదర్లాండ్సులోని ఇసుకనేలలలో పరిశోధకులు చూపిరి. ఆ దారులవెంట యూరియాయు వేళ్లకందక దిగి, త్రాగునీటిని చేరును.

కావున సంఘ కార్యవర్గమునకు నా సూచనలు మూడు. మొదటిది: తడిమందునకు అప్పుకోరిన సభ్యుని పొలములో, మఱి ఇద్దరు సభ్యుల యెదుట చుక్కపరీక్ష జరిపి, ఫలితమును దరఖాస్తుపై వ్రాయవలెను. రెండవది: పచ్చిక కోసిన నేలకు చెరువుమన్ను తోలకపు ఖర్చును వ్యవసాయపు అప్పులలో చేర్చి, ఒక చెరువునకు ఒకేమారు బండ్లు కట్టునట్లు సభ్యులను కూర్చవలెను. మూడవది: ఒక సభ్యుని పొలములో నాలుగు సెంట్లు విభజించి, ఒకదానిలో ఏమియు చేయక, ఒకదానిలో తడిమందు, ఒకదానిలో చెరువుమన్ను, ఒకదానిలో రంధ్రములు మాత్రము చేసి, ఏ సెంటునకు ఎన్నిసార్లు నీరు పెట్టినదియు, ఎంత ఖర్చైనదియు లెక్కవ్రాసి, మహాసభలో చదివింపవలెను. అప్పుడు దుకాణమువాని మాటతోను పనిలేదు, నా మాటతోను పనిలేదు. లెక్కయే చెప్పును.

వేసవి ముగియుచుండగా, తొలకరికి ముందుగా, ప్రతి సభ్యుడును తన ఇసుకచెక్కలో నొక మన్నుదిమ్మను తీసి చుక్క వేసి చూడవలెనని నా కోరిక. అయిదు సెకండ్లలో దిగినచో నిశ్చింతగా వానకై ఎదురుచూడవచ్చును. నిలిచినచో, చెరువులు నిండకముందే బండి కట్టవలెను; నిండిన పిమ్మట మన్ను దొరకదు.